పండరి సార్ తెరిచి చూపిన ఫైలు

కోసిన చెరుకు రెండు మూడు రోజులు ఎండలో పడి ఉంటే ఒక వాసన వస్తుంది. ముక్కుకు తగిలినప్పుడు తియ్యగానే ఉంటుంది, కాసేపటికి పులిసి గొంతులో అడ్డం పడుతుంది. మొన్న మా మేనకోడలి బిడ్డను తొట్టెలలో వేస్తున్నారని బాన్సువాడకు బయలుదేరాను. ఊరు ఇంకో పావుగంట ఉందనగా మా బస్సు ఒక చెరుకు ట్రాక్టరు వెనక ఇరుక్కుంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆ ట్రాక్టరువాడు వినిపించుకుంటేనా! కిటికీలోంచి ఆ వాసన లోపలికి వచ్చి కూర్చుంది. పక్క సీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది, కిటికీ ముయ్యమని. నేను ముయ్యలేదు. వారమంతా ఆఫీసు పనితో ఒళ్ళు హూనమై, మనిషిని మనిషిగా లేను. అయినా ఆ వాసన తగలగానే పండరి సార్ గుర్తుకొచ్చారు. చెరుకుతో ఆయనకేం సంబంధమంటే, నేరుగా ఏమీ లేదు. ఆయన కంప్యూటరు మనిషి. నాకు ఈ బతుకుతెరువు నేర్పింది ఆయనే. నేను దొంగనని ఊరంతా అనుకున్న రోజున, కాదని నిలబెట్టిందీ ఆయనే.

తొంభైల చివరి రోజులవి. డిగ్రీ అయిపోయి, నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి, ఇంట్లో ఊరికే కూర్చుని ఉన్నాను. బాన్సువాడలో అప్పుడు చెరుకు రైతుల సొసైటీ ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు, ఆ భవనంలో ఎరువుల దుకాణం నడుస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి చెరుకు ఎప్పుడు కోయాలో, ఎవరిది ముందు ఫ్యాక్టరీకి పోవాలో చెప్పేది ఆ సొసైటీయే. పద్ధతి సులువే. ముందు నాటినవాళ్ళది ముందు కోస్తారు. ఫీల్డ్‌మ్యాన్ ఊరూరా తిరిగి నాటిన తేదీలు తెస్తాడు, మేం వాటిని కంప్యూటరులో ఎక్కిస్తాం, సీజను మొదలవగానే ఆ తేదీల వరసలో కోత పర్మిట్లు వస్తాయి. పర్మిట్ లేని చెరుకును ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు. పర్మిట్ ఆలస్యమైతే చెరుకు నిలువునా బెండవుతుంది, రసం తగ్గుతుంది, తర్వాతి పంటకు పొలం ఖాళీ కాదు. చెరుకు వేసిన ఇంట్లో ఆ ఒక్క తేదీ అంటే ఏడాది కష్టం. నేనూ చెరుకు వేసిన ఇంటి పిల్లనే కాబట్టి ఇది నాకొకరు చెప్పనక్కర్లేదు. ఆ తేదీలు ఎక్కించే ఆపరేటరుగా నన్ను తీసుకున్నారు. వాటిని మార్చే పాస్‌వర్డ్ నాకొక్కదానికే ఉండేది. ఆ పాస్‌వర్డ్ చూసుకుని నేను ఎంత మురిసిపోయానో, తర్వాత దాన్ని చూసి అంత ఏడ్చాను.

పండరి సార్ ఆ కంప్యూటర్ గదికి పెద్ద. జుక్కల్ అవతల, సరిహద్దు దగ్గరి ఊరు ఆయనది. మాతో తెలుగు, ఫోనులో వాళ్ళింటి వాళ్ళతో మరాఠీ, యంత్రం మొరాయిస్తే ఉర్దూ. నాందేడ్‌లో కొన్నేళ్ళు ఏదో మిల్లులో కంప్యూటర్లు చూసి, ఇటు వచ్చారు. మనిషి ఎప్పుడూ అప్పుడే పొలం పని ముగించుకుని వచ్చినట్టు ఉండేవారు. నవ్వు కూడా సగంలో ఆపేసేవారు, మిగతా సగానికి ఓపిక లేనట్టు. ఏ మాటకైనా ముందు ఒకసారి ఊపిరి వదిలి "ఇగ..." అనేవారు. ఆఫీసులో అందరూ ఆయన వెనక "ఇగ సార్" అని పిలిచి నవ్వుకునేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వాను. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసినా పట్టించుకునే మనిషి కాదు.

చేరిన కొద్ది రోజులకే నన్ను పిలిచి, "పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పినవా?" అని అడిగారు.

"లేదు సార్, మా ఇంట్లో కూడా చెప్పలేదు" అన్నాను గొప్పగా.

"మంచిది. జర గిటు రా."

వేరే టెర్మినల్ ముందు కూర్చోబెట్టారు. అది డైరెక్టర్లు వచ్చి చూసుకునే టెర్మినల్, దాంట్లోంచి ఏదీ మార్చే వీలు లేదని మాకు చెప్పారు. సార్ ఒక్క ముక్క టైపు చేశారు. నల్లని తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఫైళ్ళ పేర్లు బారుగా దిగాయి. ఒక్కొక్క పేరు ముందు ఏవో అక్షరాలు, గీతలు.

"ఇగ చూడు. మొదటి మూడు అక్షరాలు ఫైలు సొంతదారువి. నడిమి మూడు ఆయన జట్టువి. ఆఖరి మూడు మిగిలిన లోకానివి. లోకానికి చదివే హక్కున్నదా, రాసే హక్కున్నదా గవి చెప్తయి. మన తేదీలున్న ఫైలు కాడ ఆఖరి మూడు ఎట్లున్నయో చెప్పు."

"చదవడం, రాయడం రెండూ ఉన్నాయి సార్."

"ఉన్నయి గద! నీ పాస్‌వర్డ్ ముంగటి తలుపుకు. డేటాబేస్ గా తలుపు కాడ కూసుంటది, ఎవరొచ్చిన్రు, ఏం మార్చిన్రు, అన్ని రాసుకుంటది. గీ ఫైలేమో ఎనక పెరట్ల గోడ లేకుంట పడి ఉన్నది. గిటు దిక్కు నుంచి ఎవడన్న వచ్చి ఒక తేదీ తుడిచి ఇంకో తేదీ రాసిపోతే, తలుపు కాడున్నదానికి సప్పుడు గూడ ఇనబడది."

నేను నోరు వెళ్ళబెట్టాను. "ఎవరు చేశారు సార్ ఇలా?" అన్నాను.

"ఎవరు చెయ్యలె. ఏజెన్సోళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే గది గట్లనే తెరుచుకుని వస్తది. నేను మూస్త. కొత్తది ఎక్కిస్తరు, మల్ల తెరుచుకుంటది. మల్ల మూస్త." ఇంకో ముక్క టైపు చేశారు. ఆఖరి మూడు అక్షరాల చోట మూడు గీతలు వచ్చాయి. "ఇంతే పని" అని లేచి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. నా కోర్సులో నెలల తరబడి చెప్పినదంతా ఒకెత్తు, ఆ కాసేపు ఒకెత్తు.

అయితే ఆ మూడు గీతలు ఎక్కువ రోజులు నిలవలేదు. డైరెక్టర్లు చూసుకోవడానికి ఏజెన్సీవాళ్ళు రాసిన ప్రోగ్రాం ఆ ఫైలును నేరుగా తెరిచేది, డేటాబేస్‌ను అడిగేది కాదు. సార్ మూయగానే డైరెక్టర్ల టెర్మినల్ పనిచేయడం మానేసింది. ఇంకేముంది, కొంప మునిగినట్టే చేశారు. మా వైపు ఇలాంటిదాన్ని ఎవరూ సాంకేతిక విషయంగా చూడరు. తాళం వేశావంటే నన్ను నమ్మలేదన్నమాటే. ఇంటికి వచ్చిన బంధువు ముందు బీరువాకు తాళం వేస్తే ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. డైరెక్టర్లందరికీ లాగిన్లు ఇవ్వకపోతే మర్యాద కాదని ఇచ్చారు, వాళ్ళు తమ బావమరదులకు, తమ్ముళ్ళకు చెప్పకపోతే మర్యాద కాదని చెప్పారు. ఎవరికి ఎవరి పాస్‌వర్డ్ తెలుసో లెక్కే లేదు. నాదొక్కటే గుట్టుగా ఉండేది, నేను చిన్న ఉద్యోగిని కాబట్టి నన్నెవరూ అడగలేదు.

చైర్మన్ సాబ్ స్వయంగా గదిలోకి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, గట్టిగా మాట్లాడి గట్టిగా నవ్వే మనిషి. "ఏంది పండరీ, మన సొసైటీల మనకే తాళమా? మేమేమన్న దొంగలమా?" అన్నాడు.

"దొంగలని కాదు సాబ్. తెరిచి పెడితే ఎవరన్న మార్చొచ్చు. మార్చినట్టు గూడ తెల్వది. ఏజెన్సోళ్ళకు చెప్పిన, వాళ్ళ ప్రోగ్రాం సరిచేస్తే చాలు. జర ఆగుండ్రి."

"ఎన్నొద్దులు ఆగాలె? సీజన్ ముంగట పెట్టుకుని! మనోళ్ళెవరు చేస్తరయ్యా గా పని? ఎప్పటి లెక్క పెట్టు."

సార్ నా వైపు చూశారు, తెర వైపు చూశారు. ఊపిరి వదిలారు. తెరిచారు. ఆ తర్వాత ఏజెన్సీకి ఎన్నిసార్లు ఫోన్ చేశారో నాకు తెలుసు, ఎస్‌టీడీ లైను కోసం నేనే నంబరు తిప్పేదాన్ని కదా. వాళ్ళు "వచ్చే వెర్షన్‌లో చేస్తాం సార్" అనేవారు. వచ్చే వెర్షన్ వచ్చింది, మళ్ళీ తెరుచుకునే వచ్చింది. చైర్మన్‌కు రెండోసారి చెప్పబోతే ఆయన చెవిన వేసుకోలేదు. నాకైతే కడుపు మండిపోయేది. "మీరు గట్టిగా చెప్పరెందుకు సార్?" అని ఒకరోజు అడిగేశాను. "గట్టిగ చెప్తే ఇనేటోళ్ళయితే మెల్లగ చెప్తే గూడ ఇంటరమ్మా" అన్నారు.

ఆ యేడు ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలైన కొన్నాళ్ళకు గంగవ్వ వచ్చింది. నిజాంసాగర్ కాలువ కింద చిన్న పొలం, ఒంటరి మనిషి, మొగుడు పోయాక తనే నిలబడి చెరుకు వేయించింది. మా బాపు నాటిన వారంలోనే ఆమె కూడా నాటిందని నాకు తెలుసు, ఆమెది మా ఊరే. లోపలికి వచ్చి, సంచిలోంచి ఒక చెరుకు ముక్క తీసి నా బల్ల మీద పెట్టింది. అది ఎండి, చివర్లు నల్లబడి, పులిసిన వాసన కొడుతోంది.

"ఏందవ్వా ఇది?"

"నా చెరుకు బిడ్డా. ఈ వారంల పర్మిట్ వస్తదని కోతోళ్ళను పిలిచిన. మల్ల దొరుకరని కోయించిన. పర్మిట్ రాలే. మా ఎనక నాటినోళ్ళకు వచ్చింది, వాళ్ళ బండ్లు నా ముంగటనే పోయినయి. గేటు కాడ అడిగితే, నువ్వు నాటిందే ఎనక అంటున్రు. నేనెప్పుడు నాటిన్నో నీకెర్క లేదా?"

తెరిచి చూశాను. ఆమె నాటిన తేదీ చాలా వెనక్కి పోయి ఉంది. నేను ఎక్కించింది అది కాదు. ఇంకా కొందరివి చూశాను. కొన్ని ముందుకు వచ్చాయి, కొన్ని వెనక్కి పోయాయి. అప్పటికే వరండాలో మరో నలుగురైదుగురు రైతులు నిలబడి ఉన్నారు. మార్పుల చిట్టా తీసి చూద్దామని డైరెక్టర్లే అన్నారు. ఆ చిట్టాలో ఎవరూ ఏదీ మార్చినట్టు లేదు. అంటే మొదట ఎక్కించినప్పుడే తప్పుగా ఎక్కించారని వాళ్ళు తేల్చేశారు. ఎక్కించిందెవరు? నేను. పాస్‌వర్డ్ ఎవరిది? నాది. ఇక అడగాల్సిందేముంది అన్నట్టు అందరూ నా మొహం చూశారు. గంగవ్వ కూడా చూసింది. "నువ్వే మార్చినవట గద బిడ్డా? మీ బాపు చెరుకు ముంగటికి తెచ్చుకుందామనా?" అంది. ఆ మాటలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. మా చెరుక్కి అప్పటికి పర్మిట్టే రాలేదని చెప్పాలనుకున్నాను.

మీటింగు పెట్టి తేల్చేదాకా ఇంట్లో ఉండమన్నారు. పోలీసు కేసు పెడతామని కూడా ఒకాయన అన్నాడు. ఊళ్ళో ఈ కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది. మా బాపు ఏమీ అనలేదు. "నువ్వు చెయ్యలే కదా?" అని ఒక్కసారి అడిగాడు, లేదన్నాను, "ఊ" అన్నాడు. ఆ మరునాటి నుంచి టీ తాగడానికి హోటల్‌కు వెళ్ళడం మానేశాడు. ఊళ్ళో మనిషి హోటల్‌కు వెళ్ళడం మానేస్తే దాని అర్థం ఏమిటో చెప్పాలా? అమ్మ నన్ను బయటికి పోనివ్వలేదు. బోరింగు దగ్గర మాటలు ఆగిపోయేవట, ఆమె వెళ్ళగానే. నేను గోడకేసి తిరిగి పడుకున్నాను. ఆ వయసులో ఒకసారి దొంగ అన్న పేరు పడితే ఇంకెక్కడా ఉద్యోగమన్న మాటే ఉండదని, ఊళ్ళో తల ఎత్తడమే ఉండదని నాకు తెలుసు. ఆ ఫైలు వెనక నుంచి తెరిచే ఉందన్న నిజం చెప్పినా నమ్మే దారి లేదు. కంప్యూటర్ అబద్ధం చెప్పదని ఆ రోజుల్లో అందరూ నమ్మేవాళ్ళు, నా మాట కంటే ఆ చిట్టా మాట ఎక్కువ.

పండరి సార్ మా ఇంటికి వచ్చారు, తన పాత స్కూటరు మీద. బాపు మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆయన నిలబడే మాట్లాడారు.

"నీ బిడ్డ తప్పు చెయ్యలే పెద్దమనిషీ. నాకెర్క. ఎట్ల జరిగిందో గూడ ఎర్క. రేపు మీటింగుల అందరికి చూపిస్త. మీరు గూడ రాండ్రి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "తాళం తీసింది నేనే గదమ్మా. చెప్పిన్రని తీసిన. అయిన తీసిన చెయ్యి నాదే" అన్నారు. అమ్మ టీ తెచ్చేలోపే వెళ్ళిపోయారు. ఆయన మొహంలో ఎప్పటి అలసటే తప్ప ఇంకేమీ కనబడలేదు నాకు.

మీటింగు కంప్యూటర్ గదిలోనే జరిగింది. డైరెక్టర్లు కుర్చీల్లో, రైతులు తలుపు దగ్గర, కిటికీల దగ్గర. గంగవ్వ గడప మీద కూర్చుంది. బాపు అందరికంటే వెనక నిలబడ్డాడు. సార్ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "ఇగ... సాబ్, మీరొచ్చి గీ టెర్మినల్ ముంగట కూసోండ్రి. మీ పేరుతోటే లోపటికి పోండ్రి" అని చైర్మన్‌ను పిలిచారు. చైర్మన్ తన లాగిన్ కొట్టాడు. "దీంట్ల నుంచి మీరు ఏమన్న మార్చగలరా?" అని సార్ అడిగారు. "చూసుడే గద, మార్చుడెక్కడిది" అన్నాడు చైర్మన్.

సార్ నిలబడే ఆయన భుజం మీదుగా వంగి కీబోర్డు మీద చేతులు పెట్టారు. ఆ ఫైలును మామూలు ఉత్తరం తెరిచినట్టు తెరిచారు. తెర నిండా పేర్లు, అంకెలు కలగాపులగంగా వచ్చాయి. అందులో చైర్మన్ పేరు వెతికారు. పక్కనే ఆయన చెరుకు నాటిన తేదీ. నెల అంకె తీసేసి ఇంకో అంకె పెట్టారు, మూసేశారు. అంతే. చుట్ట వెలిగించుకునేంత సేపు కూడా పట్టలేదు. "సరితమ్మా, నువ్వు నీ పాస్‌వర్డ్‌తోని తెరిచి సాబ్ తేదీ చదువు" అన్నారు. నేను తెరిచాను. చదివాను. చైర్మన్ చెరుకు ఆ సీజనులో అందరికంటే చివరికి పోయింది.

"మార్పుల చిట్టా తీయి."

తీశాను. ఎవరూ ఏమీ మార్చలేదని ఉంది.

"నా చెరుకు ఎనకకు పోయిందా?" అన్నాడు చైర్మన్, లేచి నిలబడి. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సార్ తేదీ మళ్ళీ సరిగ్గా పెట్టి, "గీ పిల్ల పాస్‌వర్డ్ ఎవరు ముట్టలే, అవసరం గూడ లేదు. మన దాంట్ల లాగిన్ ఉన్న ఎవరన్న చెయ్యొచ్చు గీ పని. కంప్యూటర్ల జర చెయ్యి తిరిగితే చాలు. ఎక్కించినప్పుడు సరితమ్మ తప్పు ఎక్కించలే, ఫీల్డ్‌మ్యాన్ ఊళ్ళల్ల పోయి మల్ల అడిగితే నిజం తేలుతది" అన్నారు. నా కళ్ళు నిండిపోయాయి. వెనక మా బాపు తలపాగా విప్పి మొహం తుడుచుకోవడం చూశాను. బతికాను దేవుడా అనుకున్నాను.

అప్పుడు ఒక డైరెక్టరు మెల్లగా అన్నాడు: "అంటే పండరీ, గీ సంగతి నీకు మొదటి నుంచి ఎర్కనే అన్నట్టు."

"ఎర్కనే. చెప్పిన గూడ."

"చేసుడు గూడ నీకు మంచిగనే వస్తది. మాకెవరికి రాదాయె."

తాళం తియ్యమన్నది తానేనన్న మాట చైర్మన్ నోట రాలేదు. నేను చెప్పబోయాను. "నేను విన్నాను సార్, ఆ రోజు..." అన్నాను. పండరి సార్ చెయ్యి కొంచెం ఎత్తి ఆపారు. నేను ఆగిపోయాను. ఆగకపోయినా ఏమీ తేడా ఉండేది కాదని ఇప్పుడనిపిస్తుంది, అప్పటికే వాళ్ళకు ఒక మనిషి దొరికాడు. పొరపాటును చూపించగలిగిన చెయ్యి తప్ప వాళ్ళకింకేదీ కనబడలేదు. రేపటి నుంచి రావద్దన్నారు. కేసులూ గీసులూ వద్దు, మర్యాదగా పొమ్మన్నారు. ఆయన తాళంచేతులు బల్ల మీద పెట్టి, ఆ ఫైలు ఆఖరి మూడు అక్షరాలు మూసి, నా వైపు చూశారు.

"నేను కూడా మానేస్తాను సార్" అన్నాను వరండాలో ఏడుస్తూ.

"పిచ్చా? నువ్వు గూడ పోతే ఇద్దరం దొంగలమైతం. ఉండు. పని నేర్చుకో. ఫికర్ చెయ్యకు" అన్నారు. స్కూటరు ఒక పట్టాన స్టార్టు కాలేదు. నేనూ, బాపూ కొంత దూరం నెట్టాం.

ఎవరు మార్చారో ఇప్పటికీ తెలియదు. వెతకడం ఆపేశారు కాబట్టి తెలియలేదు. ఫీల్డ్‌మ్యాన్ ఊళ్ళు తిరిగి తేదీలు మళ్ళీ సరిచేశాడు, పర్మిట్లు వరసలో పడ్డాయి. గంగవ్వకు కోసిన చెరుకు పోయింది, కోయకుండా మిగిలిన మడి మాత్రం దక్కింది. పర్మిట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "తప్పు మాటన్న బిడ్డా" అంది. వెళ్తూ వెళ్తూ ఆగి, గదిలో అందరికీ వినబడేలా అడిగింది: "మరి గా సారును ఎందుకు తీసేసిన్రు? బొక్క చూపెట్టినందుకా?" గదిలో టైపు చేసే చప్పుడు ఒక్కసారిగా ఎక్కువైంది.

ఆ తర్వాత నేను సొసైటీలో ఇంకొన్నాళ్ళు చేసి, నిజామాబాద్ వెళ్ళి, అక్కణ్ణుంచి హైదరాబాద్ చేరాను. ఇప్పుడు పెద్ద పెద్ద డేటాబేస్‌లు చూసుకోవడమే నా పని. నల్లని తెరలు పోయి రంగుల తెరలు వచ్చాయి, ఏజెన్సీలు పోయి కంపెనీలు వచ్చాయి. కానీ ఏం చెప్పమంటారు, ఆ పొరపాటు మాత్రం చావదు. రెండు వేల సంవత్సరం దాటాక కూడా ఎన్ని డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లలో చూశానో! ఒకదాంట్లో పాస్‌వర్డ్‌లున్న ఫైలే అందరూ చదివేలా ఎక్కుతుంది. ఇంకోదాంట్లో లోపలంతా భద్రంగా ఉంటుంది, రోజూ తీసే నకలు మాత్రం ఎవరైనా ఎత్తుకుపోయేలా పడి ఉంటుంది. మూస్తాం, కొత్త వెర్షన్ వస్తుంది, తెరుచుకుంటుంది, మళ్ళీ మూస్తాం. చెప్తే "ఇక్కడ అందరూ మనవాళ్ళే కదా" అంటారు. బాన్సువాడలో అన్న మాటే, ఇంగ్లీషులో అంటారు. ఒక్కోసారి విసుగొచ్చి తల ప్రాణం తోకకొస్తుంది. నాకు తెలియకుండానే మాటకు ముందు ఊపిరి వదలడం అలవాటైందని మా ఆఫీసులో పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

సార్ మళ్ళీ ఏ ఆఫీసులోనూ చేరలేదు. వాళ్ళ ఊళ్ళోనే సోయా, కంది వేసుకుంటూ, బడి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయారు. నేను అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. పని సంగతులు చెప్తే శ్రద్ధగా వినేవారు, తన సంగతి మాత్రం ఎత్తనిచ్చేవారు కాదు. "నా వల్లే కదా సార్ మీ ఉద్యోగం..." అని ఎప్పుడు మొదలుపెట్టినా, "మీ బాపు మంచిగున్నడా?" అని మాట మార్చేవారు. ఇరవై ఏళ్ళ స్నేహంలో ఆ వాక్యాన్ని నేనొక్కసారి కూడా పూర్తి చేయలేకపోయాను. కొన్నేళ్ళ కింద ఆయన పోయారు. కబురు ఆలస్యంగా తెలిసింది, దినం నాటికి వెళ్ళగలిగాను.

ఆయన భార్య రుక్మబాయక్క వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఈసారి నన్ను ఆపేవాళ్ళు లేరు కాబట్టి ఆ వాక్యం పూర్తి చేశాను. "నన్ను కాపాడాలని చూపించారక్కా, తన మీదికే వస్తుందని పాపం ఆయనకు తెలియదు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "తెల్వకేంది? ఆ పొద్దు తానం చేసి వచ్చి నాతోని చెప్పిండు గద. ఇయ్యాల్టితోని నౌకరి పోతది, నా మీదనే ఏస్తరు, చూపెట్టకుంట ఉంటే ఏం గాదు, కానీ ఆ పిల్ల బతుకు ఆగమైతది, ఏం చెయ్యమంటవ్ అని అడిగిండు."

"మీరేమన్నారక్కా?"

"ఏమంట? ఇద్దరు పిల్లలు బడికి పోతున్రు అప్పుడు. భయమైంది." పైట సర్దుకుంది. "మల్ల, సరే తీ, తిని పో అన్న. రెండు రొట్టెలు తిని పోయిండు."

అంతసేపూ ఏడవని దాన్ని, ఆ రొట్టెల మాట దగ్గర భోరున ఏడ్చేశాను. ఇన్నేళ్ళూ ఆయన మంచితనం ఒక్కటే అనుకున్నాను. తెలియక ఇరుక్కున్నారని జాలిపడుతూ వచ్చాను. అన్నీ తెలిసి, ఇంట్లో చెప్పి, భార్య మాట తీసుకుని, కడుపునిండా తిని వచ్చారని నాకెవరు చెప్పారు? నేనెవరో తెలియని ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, నా కోసం సరే అంది. ఆ బాకీకి పేరు పెట్టడం నాకు చేతకాదు. రుక్మబాయక్క నన్ను ఓదార్చాల్సి వచ్చింది, వాళ్ళింట్లో దినం రోజున.

క్రితం నెల మా ఆఫీసులో ఒక డేటాబేస్‌లో అదే రంధ్రం కనబడింది. వేల మంది దవాఖాన వివరాలున్న ఫైలు, లాగిన్ ఉన్న ఎవరైనా తెరిచి మార్చేలా ఉంది. నా కింద పనిచేసే కుర్రాడు దాన్ని చూసి చెప్పాడు. పైవాళ్ళు మొదట అడిగిన ప్రశ్న రంధ్రం గురించి కాదు. "అతనికెలా తెలిసింది? అతను అక్కడికెందుకు వెళ్ళాడు?" అన్నారు. ఆ కుర్రాడి మొహం పాలిపోయింది. నాదేమీ చిన్న వయసు కాదు, ఇంటి అప్పు తీరలేదు, ఈ వయసులో ఉద్యోగం పోతే ఇంకొకటి దొరకడం మాటలు కాదు. నిజంగా అలసిపోయాను కూడా. పెద్దవాళ్ళ గదిలోకి వెళ్ళే ముందు మెట్ల దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, "నేనే చూపిస్తానని చెప్పాను. ఏమైనా కావచ్చు. ఏమంటావ్?" అని మా ఆయన్ని అడిగాను.

"తిన్నావా?" అన్నాడు ఆయన.

"తిన్నాను."

"అయితే పో" అన్నాడు.

కుర్రాణ్ణి బయటే కూర్చోమని చెప్పి లోపలికి వెళ్ళాను. కంప్యూటరు నా వైపుకు తిప్పుకుని, తెర మీదున్న కుర్రాడి లాగిన్‌లోంచి బయటికొచ్చి, నా పేరుతోనే ఆ ఫైలు తెరిచాను.